కాక్టస్ పసుపు రంగుకు తిరుగుతుంటే నీళ్లు పోయకండి, ముందు నొక్కి చూడండి

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెబుతాను. నాలుగు నెలల క్రితం నర్సరీలో అరచేతిలో పట్టేంత గోల్డెన్ బ్యారెల్ కాక్టస్ కొన్నారు. బాల్కనీలో పెట్టి వారానికి రెండుసార్లు నీళ్లు పోస్తున్నారు. వానలు పట్టాక, గత రెండు వారాలుగా, మట్టికి ఆనుకుని ఉన్న భాగంలో పసుపు రంగు మొదలై మెల్లగా పైకి పాకుతోంది. ఎరువు తక్కువైందా, ఎండ చాలడం లేదా, నీళ్లు ఇంకాస్త పెంచాలా అని అడిగారు. పసుపు పడిన చోట మళ్లీ పచ్చబడుతుందా అని కూడా అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. ఎరువు వద్దు, ఎండలోకి మార్చవద్దు, చుక్క నీరు కూడా పోయవద్దు. మీరు చెప్పినదాన్ని బట్టి ఇది వేరు కుళ్లు అయ్యే అవకాశమే ఎక్కువ. ఇవాళే మొక్కను కుండీలోంచి తీసి వేళ్లు చూడండి. ఆదివారం తీరిగ్గా చూద్దామని వాయిదా వేయకండి. వానాకాలంలో కింది నుంచి పాకే పసుపు వారం తిరిగేలోపు మొక్కనంతా తినేయగలదు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, సికింద్రాబాద్‌లో మా డాబా మీద ఇరవై ఏళ్లుగా కాక్టస్‌లు పెంచుతున్నాను. మొదటి ఐదారేళ్లలో నా చేతిలో పోయిన మొక్కల్లో సగానికి పైగా జబ్బు వల్ల పోలేదు. రంగు మారగానే దాహమేస్తోందేమో అనుకుని నేను పోసిన నీళ్ల వల్ల పోయాయి. గులాబీకి నాలుగు ఆకులు పసుపెక్కితే అవి రాలి కొత్తవి వస్తాయి. కాక్టస్‌కు ఆ వెసులుబాటు లేదు. దానికి కాండమే ఆకు, కాండమే నీళ్ల తొట్టి. అది రంగు మారిందంటే కారణం తెలుసుకున్నాకే చేయి వేయాలి.

కారణం తెలియడానికి రెండే రెండు ప్రశ్నలు వేసుకుంటాను. రంగు ఎక్కడ మొదలైంది? అక్కడ నొక్కితే గట్టిగా ఉందా, మెత్తగా ఉందా? గోల్డెన్ బ్యారెల్‌కు ముళ్లు దట్టంగా ఉంటాయి కాబట్టి వేలు పెట్టకండి. పెన్సిల్‌ను తిప్పి, మొద్దు వైపుతో రెండు గట్ల మధ్య పల్లంలో మెల్లగా ఒత్తండి. బాగున్న కాక్టస్ పచ్చి సొరకాయలా ఎదురు నిలుస్తుంది. కుళ్లుపట్టింది బాగా మగ్గిన బొప్పాయిలా లోపలికి పోతుంది. ఒకసారి తేడా తెలిస్తే మళ్లీ ఎవరినీ అడగక్కర్లేదు.

కింది నుంచి మొదలై మెత్తగా ఉంటే కుళ్లు. ఎండ తగిలే ఒక్క వైపే పాలిపోయి, నొక్కితే గట్టిగా ఉంటే ఎండదెబ్బ. పైన, కొత్తగా పెరిగే నడినెత్తి దగ్గర పసుపుగా ఉండి మొక్క గట్టిగానే ఉంటే నీటిలోనో మట్టిలోనో తేడా ఉంది. మొక్కంతా సన్నటి తుప్పు చుక్కలు పడినట్టుంటే ఎర్రనల్లి పురుగు. పాత మొక్కలో మట్టి దగ్గర చెట్టు బెరడులా గోధుమ రంగుకు తిరిగి రాయిలా గట్టిగా ఉంటే అది వయసు వల్ల వచ్చే బెరడు, దాని జోలికి పోవద్దు. మీ మొక్క చిన్నది, మార్పు రెండు వారాల్లో వచ్చింది కాబట్టి బెరడు అనుకోవడానికి లేదు.

ఇప్పుడు మీరు చేయాల్సిన పని. పాత తువ్వాలును నాలుగు మడతలు వేసి మొక్క చుట్టూ చుట్టి పట్టుకోండి. కుండీ అంచును తట్టి మొక్కను మట్టితో సహా బయటకు లాగండి. మట్టిని చేత్తో రాల్చండి, నీళ్లతో కడగవద్దు. బాగున్న వేళ్లు తెల్లగానో లేత గోధుమ రంగులోనో ఉండి, లాగితే సాగి నిలుస్తాయి. కుళ్లినవి నల్లగా ఉంటాయి. రెండు వేళ్ల మధ్య పట్టి లాగితే పైతొక్క జారిపోయి లోపల దారం లాంటిది మిగులుతుంది. వాసన కూడా చూడండి. మట్టి వాసన వస్తే ఫర్వాలేదు. బస్తా అడుగున కుళ్లిన ఉల్లిగడ్డ వాసన వస్తే కుళ్లు కాండంలోకి ఎక్కినట్టే.

వేళ్లు మాత్రమే పోయి మొక్క అడుగు గట్టిగా ఉంటే మీరు అదృష్టవంతులు. పాడైన వేళ్లన్నీ కత్తిరించి, మొక్కను వారం పది రోజులు నీడలో గాలి తగిలేచోట ఆరబెట్టి, పొడి మట్టిలో నాటండి. ఆ తర్వాత ఇంకో పది రోజులు నీళ్లు పోయకండి.

అడుగు మెత్తబడితే కోయాల్సిందే. చాలామంది ఇక్కడే జాలిపడి కొంచెం కోసి వదిలేస్తారు, మొక్క పోతుంది. పదునైన చాకును స్పిరిట్‌తో తుడిచి, అడుగు నుంచి వేలి మందాన ఒక చక్రం కోయండి. చాకు మళ్లీ తుడవండి. కోసిన చోట మధ్యలో చిన్న వలయం కనిపిస్తుంది. అది మొక్కకు నీళ్లు మోసే నాళాల వలయం. కండ అంతా తెల్లగా, లేత ఆకుపచ్చగా ఉన్నా, ఆ వలయంలో నారింజ రంగో గోధుమ రంగో ఒక్క చుక్క ఉన్నా కుళ్లు ఇంకా పైకి వెళ్లిందన్నమాట. ఇంకో చక్రం కోయండి. వలయం పూర్తిగా తేటగా కనిపించేదాకా ఆగవద్దు. ప్రతి కోతకూ చాకు తుడవడం మరిచిపోవద్దు. తుడవని చాకుతో పై భాగానికి కుళ్లును మనమే అంటిస్తాం.

కోసిన చోట గంధకం పొడి గానీ కాపర్ ఆక్సీక్లోరైడ్ పొడి గానీ పలుచగా అద్దండి. పురుగుమందుల షాపులో చిన్న ప్యాకెట్లు దొరుకుతాయి. వంటింటి పసుపు పొడి చాలదా అని చాలామంది అడుగుతారు. ఏమీ దొరకని రోజున నేనూ అద్దాను, హాని లేదు. కానీ దాన్నే నమ్ముకుని తక్కువ కోస్తే లాభం లేదు. మొక్కను కాపాడేది తేటగా వచ్చేదాకా కోయడం, ఆ తర్వాత ఓపికగా ఆరబెట్టడం.

ఆరబెట్టేటప్పుడు మొక్కను పేపర్ మీద బోర్లించకండి, కోసిన చోట చెమ్మ పడుతుంది. ఖాళీ గ్లాసు మూతి మీద నిటారుగా కూర్చోబెడితే కింద నుంచి గాలి ఆడుతుంది. ఫ్యాన్ తిరిగే గదిలో, నేరుగా ఎండ పడని చోట ఉంచండి. మామూలు రోజుల్లో రెండు వారాలు చాలు. వానాకాలం కాబట్టి మీరు మూడు వారాలు ఆగండి. కోసిన చోట తోలులా గట్టిపడి కొంచెం లోపలికి ముడుచుకుంటుంది. అప్పుడు పొడి ఇసుక మిశ్రమం మీద కూర్చోబెట్టండి, లోతుగా పాతిపెట్టకండి. వేర్లు రావడానికి నెల పట్టవచ్చు, రెండు నెలలూ పట్టవచ్చు. గోల్డెన్ బ్యారెల్ ఈ విషయంలో నిదానమైన మొక్క. మధ్యలో పీకి చూడాలనిపిస్తుంది, చూడకండి. అన్నాళ్లు నీళ్లు లేకుండా ఎలా బతుకుతుందని టెన్షన్ పడకండి. దాని తొట్టి దాని ఒంట్లోనే ఉంది.

నా మొదటి గోల్డెన్ బ్యారెల్ సంగతి చెబుతాను. కొబ్బరికాయంత ఉండేది. ఆగస్టులో వారం రోజులు ముసురు పట్టింది. కుండీ కింద ప్లేటు ఉంది, ప్లేటు నిండా నీళ్లు, నేను గమనించలేదు. పైన చూస్తే నడినెత్తి పచ్చగా, ముళ్లు బంగారంలా మెరుస్తూ ఉన్నాయి. మట్టి దగ్గర మాత్రం రూపాయి బిళ్లంత పసుపు మచ్చ. ఎరువు చాలలేదేమో అనుకుని వర్మీకంపోస్ట్ వేసి నీళ్లు పోశాను. నాలుగో రోజు కుండీ జరుపుదామని పట్టుకుంటే బొటనవేలు సర్రున లోపలికి దిగిపోయింది. లోపల కండ లేదు, గోధుమ రంగు నీళ్లు కారాయి. పైన ముళ్లు అప్పటికీ మెరుస్తూనే ఉన్నాయి. అప్పటి నుంచి మా డాబా మీద ఏ కాక్టస్ కుండీ కిందా ప్లేటు లేదు.

ఈ మొక్క సొంత ఊరు తెలిస్తే దీని స్వభావం అర్థమవుతుంది. మెక్సికోలో క్వెరెటారో, హిడాల్గో రాష్ట్రాల్లో, లోయల అంచున నిటారుగా ఉండే రాతి వాలుల మీద పెరుగుతుంది. అక్కడా వాన పడుతుంది, కానీ పడిన నీరు పడినట్టే జారిపోతుంది. 1990లలో కట్టిన జిమపాన్ ఆనకట్ట కింద దాని సహజ ఆవాసంలో చాలా భాగం మునిగిపోయింది. ఈరోజు అడవిలో అది ప్రమాదంలో ఉన్న మొక్క. మన నర్సరీల్లో కనిపించేవి విత్తనం నుంచి పెంచినవి. రాతి వాలు మీద పుట్టినదాన్ని మనం తీసుకొచ్చి తడి కొబ్బరి పీచులో కూర్చోబెడుతున్నాం.

అవును, మీ కుండీలో ఉన్నది బహుశా కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొట్టు. నర్సరీలు బరువు తగ్గుతుందని, రవాణాకు తేలికని కోకోపీట్ ఎక్కువ కలుపుతాయి. అది నర్సరీలో షెడ్డు కింద బాగానే నడుస్తుంది. మన బాల్కనీలో పైన పొడిగా కనిపిస్తూ, మధ్యలో వేళ్ల దగ్గర పది రోజులైనా తడి పట్టుకుని ఉంటుంది. పైన వేలు పెట్టి పొడిగా ఉందని మళ్లీ నీళ్లు పోస్తాం. అందుకే నేను ఏ కాక్టస్ కొన్నా వారంలోపు మట్టి మార్చేస్తాను.

నా మిశ్రమంలో రాయి ఎక్కువ, మట్టి తక్కువ. రెండు పాళ్లు ముతక ఇసుక, ఒక పాలు శనగ గింజంత ఇటుక ముక్కలు గానీ సన్న కంకర గానీ ప్యూమిస్ అనే తేలికైన అగ్నిపర్వత రాయి గానీ, ఒక పాలు ఎర్రమట్టి, గుప్పెడు బాగా మాగిన వర్మీకంపోస్ట్. ఇసుకను కడిగి బురద పోయాకే వాడాలి. ఇప్పుడు ఏటి ఇసుక దొరకడం కష్టం కాబట్టి చాలామంది రోబో ఇసుక వాడుతున్నారు. వాడవచ్చు, కానీ అందులో రాతి పొడి చాలా ఉంటుంది, అది సిమెంటులా గడ్డకడుతుంది. జల్లెడ పట్టి, కడిగి, గరుకు భాగమే తీసుకోండి. సముద్రం ఒడ్డు ఇసుక మాత్రం వద్దు, ఉప్పు ఉంటుంది. కుండీ మట్టిదైతే మంచిది, అడుగున రంధ్రం తప్పనిసరి. గాజు గిన్నెల్లో, రంధ్రం లేని పింగాణీ కప్పుల్లో పెట్టి గిఫ్టులుగా ఇచ్చేవి చూడ్డానికి బాగుంటాయి గానీ, తెచ్చిన రోజే వేరే కుండీలోకి మార్చండి.

ఇక మీలాంటి ప్రశ్నే వేరే కారణంతో వచ్చేవాళ్ల కోసం.

ఎండదెబ్బ. మా ఎదురింటి పిన్నిగారు ఏడాది పాటు హాల్లో పెంచిన కాక్టస్‌ను ఏప్రిల్‌లో డాబా మీద పెట్టారు. కాక్టస్‌కు ఎండ కావాలని ఎవరో చెప్పారట. మూడు రోజుల్లో పడమటి వైపు మొత్తం పాలిపోయి, తర్వాత పసుపై, చివరికి అట్టలా గోధుమ రంగుకు వచ్చింది. తూర్పు వైపు చక్కగా పచ్చగా ఉంది. నొక్కితే రెండు వైపులా గట్టిగానే ఉంది. ఎడారి మొక్కకు ఎండ దెబ్బ ఏమిటి అని ఆవిడ నమ్మలేదు. మొక్క ఏ వెలుతురులో పెరిగిందో దానికి తగ్గట్టే దాని చర్మం తయారవుతుంది. కాలింపాంగ్ కాక్టస్ నర్సరీలకు పేరున్న ఊరు. అలాంటి చల్లటి కొండ ప్రాంతంలో పెరిగిన మొక్కైనా, మన హాల్లో పెరిగినదైనా, నలభై డిగ్రీల ఎండకు ఒక్కరోజులో అలవాటు పడదు. మొదటి వారం పొద్దున గంటసేపు, రెండో వారం రెండు మూడు గంటలు, అలా మూడు వారాలు పెంచుకుంటూ పోవాలి. ఏప్రిల్, మే నెలల్లో నేను అన్నింటికీ యాభై శాతం షేడ్ నెట్ కడతాను. దెబ్బ తగిలిన మొక్కను నీడకు మారిస్తే చాలు, మందు ఏదీ అక్కర్లేదు.

నీటి తేడా గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఇది చాలామందికి తెలియకుండా జరుగుతుంది. ఒక ఏడాది మా డాబా మీద దాదాపు అన్ని మొక్కలూ నడినెత్తి దగ్గర పాలిపోయి, ఎదుగుదల ఆగిపోయింది. పురుగు లేదు, కుళ్లు లేదు, అన్నీ గట్టిగానే ఉన్నాయి. కుండీల అంచున సున్నం పూసినట్టు తెల్లటి పొర. వేసవిలో బోరు అడుగంటి నీళ్లు మరీ కఠినంగా మారాయి. దానికి తోడు, నీళ్లు వృథా కాకూడదని వంటింట్లో ఆర్‌ఓ మెషిన్ వదిలే నీటిని బకెట్‌లో పట్టి మొక్కలకు పోస్తున్నాం. ఆ మెషిన్ మనకు మంచినీళ్లు ఇచ్చి, అందులోంచి తీసిన ఉప్పులన్నిటినీ ఆ వదిలే నీటిలోకి పంపుతుంది. ఉప్పులు పేరుకుని మట్టి సున్నపుగుణానికి తిరిగితే, మట్టిలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. ఇనుము అందకపోతే ముందు పాలిపోయేది కొత్త ఎదుగుదలే. అందుకే పసుపు పైన కనిపిస్తుంది.

ఆర్‌ఓ వదిలే నీళ్లు కాక్టస్ కుండీలకు పోయకండి. ఇల్లు తుడవడానికి వాడుకోండి. వాన నీళ్లు పట్టుకోగలిగితే అంతకన్నా మంచి మందు లేదు. నేను జూన్ నుంచి రెండు డ్రమ్ములు నింపి మూతపెట్టి ఉంచుతాను. ఏసీ నుంచి కారే నీటిలో ఉప్పులు దాదాపు ఉండవు కాబట్టి వేసవిలో దాన్ని బోరు నీటితో సగం సగం కలుపుతాను. అదీ లేకపోతే పది లీటర్ల బోరు నీటికి అర టీస్పూను నిమ్మ ఉప్పు కలిపి పోయవచ్చు. మట్టి మార్చి, నీళ్లు మార్చాక మా మొక్కలు పచ్చబడటానికి ఒక సీజన్ పట్టింది. ఆ పాలిపోయిన ఏడాది గుర్తు కొన్ని మొక్కల మీద లేత పట్టీలా ఇప్పటికీ ఉంది.

పురుగుల విషయం త్వరగా చెబుతాను. ఎర్రనల్లి కంటికి సరిగా ఆనదు. తెల్ల కాగితం మీద మొక్కను తట్టి, రాలిన దుమ్ములో చుక్కలు కదులుతున్నాయేమో చూడండి. వేడి, పొడి గాలి ఉన్న రోజుల్లో వస్తుంది. నీళ్లతో గట్టిగా కడిగి, ఆరాక, లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కలిసే గంధకం సాయంత్రం పిచికారీ చేస్తాను. మండే ఎండల్లో గంధకం గానీ వేపనూనె గానీ కొడితే మొక్క ఒళ్లు కాలుతుంది, జాగ్రత్త. పిండినల్లి ముళ్ల మొదళ్లలో తెల్ల దూదిలా ఉంటుంది. స్పిరిట్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో ఒక్కొక్కటీ తీసేయాలి. కానీ నన్ను బాగా ఏడిపించింది వేళ్లలో దాక్కునే పిండినల్లి. పైన ఏమీ కనిపించదు, మొక్క ఏళ్ల తరబడి ఎదగక పసుపు చాయలో ఉండిపోతుంది. కుండీ తీస్తే వేళ్ల మీద, కుండీ లోపలి గోడ మీద బియ్యప్పిండి చల్లినట్టుంటుంది. ఆ మట్టి పారేసి, వేళ్లు కడిగి, ఆరబెట్టి, కొత్త మట్టిలో నాటాలి.

ఇంకో మాట. ఎర్రగా, పసుపుగా బంతిలా ఉండి కింద ఆకుపచ్చ కాడ ఉండే మూన్ కాక్టస్ కొన్నవాళ్లు పై బంతి పసుపుగా ఉందని భయపడక్కర్లేదు, దాని రంగే అది. తన ఆహారం తాను తయారుచేసుకునే పచ్చదనం దానికి లేదు కాబట్టి డ్రాగన్ ఫ్రూట్ జాతి కాడ మీద అంటు కడతారు. అక్కడ చూడాల్సింది కింది కాడ. కాడ పసుపై మెత్తబడితేనే ప్రమాదం. అలాగే మన పొలాల గట్ల మీద కనిపించే బొంతజెముడు చూడ్డానికి కాక్టస్‌లా ఉన్నా కాక్టస్ కాదు. కోస్తే తెల్లటి పాలు కారతాయి. కుళ్లు తీసే పద్ధతి దానికీ ఇదే గానీ, ఆ పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. గ్లౌజులు, కళ్లద్దాలు లేకుండా కోయకండి.

మళ్లీ మీ మొక్క దగ్గరికి వస్తే, ఎరువు ఎప్పుడు వేయాలో కూడా చెబుతాను. కోలుకుని, పాతుకుని, కొత్త ఎదుగుదల చూపించాకే. అది కూడా నవంబర్ లోపు గానీ, లేదంటే ఫిబ్రవరి, మార్చి నెలల్లో గానీ, లీటరు నీటికి ఒక గ్రాము 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండే ఎరువు), నెలకు ఒక్కసారి. నీళ్లకు వారానికి ఇన్నిసార్లు అని లెక్క పెట్టుకోవద్దు. వెదురు పుల్ల కుండీ అడుగుదాకా గుచ్చి తీయండి. పుల్లకు తడి మట్టి అంటకుండా వస్తే, ఇంకో రెండు మూడు రోజులు ఆగి పోయండి. వానాకాలమంతా పైకప్పు కింద, జల్లు పడని చోట ఉంచండి.

పసుపు పడిన చోట మళ్లీ పచ్చబడుతుందా అన్నారు. కుళ్లినదీ, ఎండకు కాలినదీ పచ్చబడవు. నీటి తేడా వల్ల పాలిపోయింది మాత్రం చాలావరకు తిరిగి రంగు తెచ్చుకుంటుంది. మొక్క బతికిందో లేదో తెలుసుకోవడానికి పాత మచ్చ వైపు చూడకండి, నడినెత్తి చూడండి. అక్కడ లేత దూది లాంటి నూగులోంచి కొత్త ముళ్లు పొడుచుకొస్తాయి. అవి పాత ముళ్ల కన్నా నిగనిగలాడే పసుపు రంగులో ఉంటాయి. ఈ రాత్రి వేళ్లు చూశాక, కోయాల్సి వస్తే, కోసిన చోట ఆ వలయం ఏ రంగులో ఉందో రాయండి. ఇంకా కోయాలో ఆపాలో చెబుతాను.